పెంబ్రోక్ బాలప్రభువు

1377వ సంవత్సరము జూలై 16వ తేదీన లండను చెంతనున్న వెస్టుమినిస్టరు దేవాలయములో రెండవ రిచర్డు అను పదేండ్ల బాలునకు ఇంగ్లండు రాజ్యపట్టాభిషేకము జరిగినది. ఆ యుత్సవమునకు ముందు, ఏ రాజలాంఛనమును మోయుట ఎవరి హక్కో తేల్చుటకై రాజు పినతండ్రియగు జాన్ ఆఫ్ గాంట్, లాంకాస్టరు డ్యూకు, న్యాయసభ దీర్చి కూర్చుండగా, రౌతుల మడమలకు గట్టు పెద్ద బంగారు ముండ్లను మోయుట తమ వంశపు హక్కని పెంబ్రోక్ ప్రభువగు జాన్ హేస్టింగ్సు పక్షమున విన్నపము చేయబడెను. హక్కు నిలిచినది; హక్కుదారునికి మాత్రము ఐదవయేడింకను నిండలేదు.

ఆ వంశమున తండ్రుల నీడ కొడుకులకు దక్కుట అరుదు. తాత లారెన్సు 1348లో మరణించునప్పటికి ఆయన కుమారునకు ఏడాది ప్రాయము. ఆ కుమారుడే పెరిగి ప్రభువై, 1372 జూన్ మాసమున లా రోషెల్ యెదుట సముద్రముమీద కాస్టీలు నావికులతో పోరి యోడి చెరబడెను. ఆ నవంబరులో ఇంగ్లండునందు ఆయన భార్య ఆన్ మగబిడ్డను గన్నది. చెరబడి మూడేండ్లు కావచ్చుచుండగా 1375 ఏప్రిలులో, విడుదలకై విమోచనధనము కుదిరి కలే రేవువైపు వచ్చుచు, ఆ తండ్రి కొడుకు మొగము చూడకయే త్రోవలో కన్నుమూసెను.

ఆ కాలపు ఇంగ్లండు ధర్మము ననుసరించి రాజువలన భూములు పొందినవాడు మైనరు బిడ్డను విడిచి చనిపోయినచో, ఆ భూములపై అధికారమేకాక బిడ్డకు పెండ్లి చేయు హక్కును రాజునకే చెందును. రాజు ఆ హక్కును తనకు గావలసినవారికి ఈయవచ్చును, అమ్మనూ వచ్చును. పెండ్లి సంతలో సరకైనట్టి ఆ దేశమున, వేల్సునందలి పెంబ్రోకు, ఆబర్గవెనీ మొదలగు సంస్థానములకు ఏకైక వారసుడైన తండ్రిలేని బాలునకు సంబంధములు రాకపోవుట యెట్లు?

1380లో కెనిల్వర్తు కోటలో ఆ బాలుని పెండ్లి జరిగినది. వధువు, న్యాయసభలో అధ్యక్షత వహించిన ఆ జాన్ ఆఫ్ గాంట్ కూతురు ఎలిజబెత్తు; ఆమెకు రమారమి పదునేడేండ్లు. వరునకు ఏడేండ్లు, అనగా మనయిండ్లలో ఒడుగు చేయు వయస్సు. మనదేశమున పసిపిల్లను వృద్ధునకు కట్టబెట్టిన కథలు విని కన్నీరు పెట్టినవారము గనుక ఈ తలక్రిందులైన ఈడుజోడు మనకు నవ్వు దెప్పింపవచ్చును గాని, యౌవనవతియగు ఆ కన్యకు అది నవ్వులాట గాదు. పెంబ్రోక్ ప్రభుపత్ని యను బిరుదుతో ఆమె, మగడు మగవాడగుదాక వేచియుండవలసి వచ్చెను.

ఆమె వేచియుండలేదు. రాజునకు తల్లివైపు అన్నయగు జాన్ హాలండు ఆమె మనస్సును హరించెను. 1386 నాటికి ఆమె గర్భవతియయ్యెను. ఇచట క్రైస్తవ మతధర్మమునందలి యొక సూక్ష్మము అందరికిని అక్కరకు వచ్చినది. ఏడేండ్లు నిండినచో మాటయిచ్చుకొనవచ్చునే గాని, బాలికకు పండ్రెండు, బాలునకు పదునాలుగు నిండువరకు ఆ వివాహము తెంపరాని బంధము గాదు. హేస్టింగ్సునకు అప్పటికి పదుమూడేండ్లే. పెండ్లి రద్దయినది, ఎలిజబెత్తు హాలండును పెండ్లాడినది, గాంట్ ఆ క్రొత్త యల్లుని వెంటనిడుకొని కాస్టీలు సింహాసనముకొరకు దండయాత్రకు తరలెను.

బాలునకు మరల సంబంధము చూచిరి. ఈసారి వధువు మార్చి ప్రభువగు ఎడ్మండ్ మార్టిమరు కూతురు, రాజవంశపు దౌహిత్రి ఫిలిప్పా, అతనికంటె మూడేండ్లు చిన్నది. ఇక యీడు సరిపోయినదనుకొనునంతలో 1389 క్రిస్మసు వచ్చెను. రాజు పరివారముతో ఉడ్‌స్టాకులో పండుగ జరుపుచుండగా, డిసెంబరు 30న హేస్టింగ్సు తోడి యోధునితో గుఱ్ఱముమీద ఈటెల సాము చేయుచుండెను. ఎదుటివాని యీటె పొరపాటున పొత్తికడుపు క్రింద దిగబడినది. పదునేడేండ్ల ప్రాయమున పెంబ్రోకు హేస్టింగ్సుల ప్రభుత్వము అతనితో అంతరించెను. పదునాలుగేండ్ల వితంతువు ఫిలిప్పాను మరుసటి యేడు నలువదేండ్లు దాటిన అరండెలు ప్రభువు వివాహమాడెను.

హేస్టింగ్సుల వంశధ్వజముపైని బంగరువన్నె డాలుమీద ఎఱ్ఱని చొక్కాచేయి యొకటి చిత్రింపబడియుండెను. ఆ గుర్తు తమకే చెందునని దూరపుబంధువులగు గ్రేలును హేస్టింగ్సులును వ్యాజ్యమాడగా 1410లో గ్రే పక్షమున తీర్పు వెలువడినది. ఖర్చులు చెల్లించుటకు అంగీకరింపని ఎడ్వర్డ్ హేస్టింగ్సు పిదప పలుయేండ్లు చెరసాలలో గడపెను. బంగారు ముండ్ల హక్కు, భూముల హక్కు, పెండ్లి హక్కు, తుదకు చొక్కాచేతి హక్కు, అన్నిటికిని ఆ బాలుడు ఆధారము. అందు ఏదియు ఆతడు కోరి తెచ్చుకొన్నది గాదు. ఉడ్‌స్టాకు మైదానమున ఈటె పట్టుట యొక్కటియే ఆతడు మనసుపడి చేసిన పనియని తలంతును. అదియే ఆతని బలిగొన్నది.