మేమెక్కడున్నామో రాయకు సారూ

చర్లలో విలేకరి పనికి జీతమంటూ ఎప్పుడూ లేదు. వార్త అచ్చయితే సెంటీమీటర్ల లెక్కన ఎంతో కొంత వచ్చేది. నేను ఇందులోకి వచ్చిన తొంభైల మొదట్లో రాసిన కాగితాలు కవర్లో పెట్టి భద్రాచలం బస్సు కండక్టరుకి ఇచ్చేవాళ్లం. అర్జెంటైతే ఎస్టీడీ బూత్‌ నుంచి డెస్కుకి చదివి రాయించేవాళ్లం. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది, తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. వాగు పొంగినా, పిడుగుపడి ఎద్దు చచ్చినా పేపర్లో చోటు దొరికింది. ఊరి పేరు, మనిషి పేరు, ఇంటిపేరు లేనిదే డెస్కు ఒప్పుకునేది కాదు.

వరదలప్పుడు ఆ పట్టుదల మేలే చేసింది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71.3. ఏ ఊరు నీళ్లలో ఉందో చెప్పకపోతే పడవ ఎటు పోవాలి?

అడవి వైపు లెక్క వేరు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక కోంట, బీజాపూర్ వైపు నుంచి ఆదివాసీ కుటుంబాలు అడవి దాటి మన చర్ల, దుమ్ముగూడెం, చింతూరు మండలాలకు వచ్చాయి. ఇక్కడ వాళ్లని గుత్తికోయలంటారు. ఒకవైపు జుడుం, ఇంకోవైపు మావోయిస్టులు. 2006 జూలైలో ఎర్రబోరు జుడుం శిబిరం మీద మావోయిస్టులు చేసిన దాడిలో ముప్పైమందికి పైగా చనిపోయారు.

అలా వచ్చినవాళ్ల గూడెం ఒకటి వాగు పక్కన చూశాను. ఇసుకలో చెలమ. ఒక పిల్ల సొరకాయ బుర్రతో నీళ్లు తోడి, అడుగున బురద రాగానే ఆపి, మళ్లీ ఊట ఊరేదాకా బిందె పక్కనే కూర్చుంటోంది. గుడిసెల్లో జ్వరాలు. పెద్దాయన కోయలో చెప్తే నా వెంట వచ్చిన కుర్రాడు తెలుగు చేశాడు: "జరాలొస్తున్నాయని రాయి సారూ. మేమెక్కడున్నామో మాత్రం రాయకు."

ఆయన భయం ఉత్తిది కాదు. ఏఎన్ఎంకి దారి చూపిన వార్తే గుడిసెలు పీకేవాళ్లకీ దారి చూపుతుందని ఈ ప్రాంతంలో విలేకరులందరికీ తెలుసు. నేను మండలం పేరు, కుటుంబాల సంఖ్య, జ్వరాల సంగతి రాశాను. వాగు పేరు పీహెచ్‌సీ డాక్టరుకి నోటితో చెప్పాను.

శవాల విషయంలో మాత్రం పేరు కావాలని పట్టుబడతాను. 2018 మార్చిలో పూజారికాంకేర్ ఎన్‌కౌంటర్ తర్వాత పది మృతదేహాలు భద్రాచలం ఆసుపత్రికి వచ్చాయి. 'గుర్తు తెలియని' అని రాసి వదిలేస్తే అవతల కొడుకు కోసమో కూతురి కోసమో వెతుక్కునే తల్లికి ఏం తెలుస్తుంది? పేరు దొరక్కపోతే ఎత్తు, బట్టల రంగు, చేతి మీది పచ్చబొట్టు, అన్నీ రాయాలి. అదే కాల్పుల్లో ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ కూడా చనిపోయాడు. అలాంటి పేరు ఇంటికి కబురు చేరకముందే స్క్రోలింగులో వేయడం క్రూరత్వమని నా అభిప్రాయం.

సరిహద్దు అవతల మావాళ్ల గతి ఇంకా కష్టం. బాసగూడ విలేకరి సాయిరెడ్డిని మావోయిస్టులతో సంబంధముందని పోలీసులు జైల్లో పెట్టారు, 2013 డిసెంబరులో మావోయిస్టులే ఆయన్ని చంపేశారు. 2021లో మావోయిస్టుల చెరలోని జవానును విడిపించి తేవడానికి వెళ్లినవాళ్లలో బీజాపూర్ విలేకరి ముకేశ్ చంద్రాకర్ ఉన్నాడు. రోడ్డు పనుల్లో అవినీతి బయటపెట్టాక, 2025 జనవరిలో అతని శవం సెప్టిక్ ట్యాంకులో దొరికింది.

సరిహద్దు ఇవతల, 2022 నవంబరులో చంద్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ప్లాంటేషన్ గొడవలో ఫారెస్ట్ రేంజ్ అధికారి శ్రీనివాసరావుని నరికి చంపారు. డ్యూటీలో ఉన్న మనిషి. ఎలా చనిపోయాడు, ఎవరు చంపారు అన్నది దాచకుండా రాయాల్సిందే, ఆయన ఇంటివాళ్లకి అది హక్కు. అయితే శీర్షికల్లోకి గుత్తికోయలంటూ తెగ పేరు ఎక్కింది. కొద్దిరోజులకే బెండాలపాడు పంచాయతీ గుత్తికోయలని ఛత్తీస్‌గఢ్ పంపేయాలని తీర్మానించింది. 2023 ఆగస్టులో ఆ హత్య కేసులో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి జీవితఖైదు వేసింది. ఇప్పుడు కొత్తగా చేరే కుర్రాళ్లకి ఒకటే చెప్తున్నాను: నిందితుల పేర్లు రాయండి, తెగ పేరు శీర్షికలో పెట్టకండి. ఆ మొక్కలు ఎప్పుడు నాటారో, అంతకుముందు అక్కడ పోడు ఎవరు కొట్టుకున్నారో గూడేనికి వెళ్లి అడిగి, అదీ రాయండి.