సోనీ కేసు ఓడింది, సరుకు కొనేసింది

1999 జనవరి 5న శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన మాక్‌వరల్డ్ సభలో స్టీవ్ జాబ్స్ ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌ను జనానికి చూపించారు. పేరు వర్చువల్ గేమ్ స్టేషన్. కాలిఫోర్నియాకు చెందిన కనెక్టిక్స్ అనే కంపెనీ తయారీ. మాకింటాష్‌లో ప్లేస్టేషన్ సీడీ పెట్టి నేరుగా ఆట ఆడేసుకోవచ్చు. ధర 49 డాలర్లు. అసలు ప్లేస్టేషన్ అమెరికాలో అప్పుడు 129 డాలర్లు. ఈ లెక్క సోనీకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మూడు వారాలు గడిచాయో లేదో, జనవరి 27న కోర్టుకెక్కింది.

ఒక యంత్రం చేసే పనిని ఇంకో యంత్రంలో సాఫ్ట్‌వేర్ చేత చేయించడమే ఎమ్యులేషన్. ఇదేమీ గేమ్ పిచ్చోళ్లు కనిపెట్టిన విద్య కాదు. 1960ల్లో ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్లను తెచ్చినప్పుడు, ఖాతాదారులు తమ పాత ప్రోగ్రాములను పారేసుకోకుండా ఇదే ఉపాయం చేసింది. అప్పుడు ఎవరికీ పేచీ లేదు, ఎందుకంటే పాత యంత్రమూ దానిదే, కొత్త యంత్రమూ దానిదే. ఎదుటివాడి యంత్రం జోలికి వెళ్లినప్పుడే తగువు మొదలైంది.

ప్లేస్టేషన్ దగ్గర ఆ తగువంతా బయోస్ చుట్టూ తిరిగింది. డిస్క్ చదవడం, మెమరీ కార్డులో ఆటను దాచడం లాంటి పనులకు గేమ్ ఈ బయోస్‌నే అడుగుతుంది. ఉండేది అరమెగాబైటే. కానీ అది సోనీ రాసిన ప్రోగ్రాము, దాని మీద కాపీరైట్ సోనీది. కనెక్టిక్స్ ఇంజనీర్లు 1998లో బజారులో ఒక ప్లేస్టేషన్ కొన్నారు. చిప్‌లోంచి బయోస్‌ను బయటికి తీసి కంప్యూటర్లోకి ఎక్కించారు. ఏది అడిగితే ఏం జవాబిస్తుందో గమనిస్తూ, అదే పని చేసే ప్రోగ్రామును సొంతంగా రాసుకున్నారు. పక్కింటి పులుసు రుచి చూసి, మన పొయ్యి మీద అదే రుచి తెచ్చినట్టన్నమాట. మధ్యలో సెప్టెంబరులో సోనీ వాళ్లను కలిసి సాంకేతిక సాయం కూడా అడిగారు! సోనీ కుదరదంది. చివరికి అమ్మకానికి పెట్టిన సరుకులో సోనీ రాసిన కోడ్ ఏమీ లేదు.

మరి తయారీ దశలో ఇంజనీర్లు తీసుకున్న ఆ నకళ్ల మాటేమిటి? కింది కోర్టు అవి తప్పేనంది, 1999 ఏప్రిల్‌లో అమ్మకాలు ఆపించింది. కనెక్టిక్స్ అప్పీలుకు వెళ్లింది. 2000 ఫిబ్రవరి 10న తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 1992లో సెగా, అకొలేడ్ కంపెనీల మధ్య కేసులో ఇదే కోర్టు వేసిన బాట ఇక్కడ ఆధారం. ప్రోగ్రాము రాసిన తీరుకే కాపీరైట్ రక్షణ, అది పనిచేసే పద్ధతికి కాదు. ఆ పద్ధతిని తెలుసుకోవడానికి వేరే దారి లేనప్పుడు మధ్యలో తీసిన నకలు న్యాయమైన వాడకమే అన్నది తీర్పు సారం. తన ఆటలు ఏ యంత్రం మీద ఆడాలో తానే శాసించాలని సోనీ కోరుకోవడంలో వింత లేదు గానీ, అంత గుత్తాధిపత్యాన్ని కాపీరైట్ చట్టం ఎవరికీ ఇవ్వలేదని కూడా న్యాయమూర్తులు తేల్చారు.

గెలిచినవాళ్లకు దక్కిందేమిటి? 2001లో సోనీ వర్చువల్ గేమ్ స్టేషన్‌ను కొనేసింది. కొని, అమ్మకం ఆపేసింది.

విండోస్ కంప్యూటర్లలో ప్లేస్టేషన్ ఆటలు ఆడించిన బ్లీమ్ అనే చిన్న సంస్థదీ అదే కథ. ప్రకటనల్లో ప్లేస్టేషన్ తెర బొమ్మలు వాడుకున్నారన్న కేసులో 2000లో అప్పీలు కోర్టు బ్లీమ్ వైపే మొగ్గింది. అయినా లాయర్ల ఖర్చుకు తట్టుకోలేక 2001లో మూతపడింది. బ్లీమ్‌ను ఆపింది తీర్పు కాదు, లాయర్ల బిల్లులే.

కనెక్టిక్స్ తీర్పు పేరు చెప్పి చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఎమ్యులేటర్ చట్టబద్ధమైతే, నెట్‌లో దొరికే గేమ్ ఫైళ్లూ చట్టబద్ధమే అనుకుంటారు. కానే కాదు. వర్చువల్ గేమ్ స్టేషన్ కొన్నవాడు ఆట సీడీని కూడా కొనుక్కోవాలి. రోమ్‌లు అని పిలిచే ఇలాంటి గేమ్ ఫైళ్లను పంచిన లవ్‌రోమ్స్ సైటు మీద నింటెండో 2018లో కేసు వేసింది. కోటీ 22 లక్షల డాలర్ల పైచిలుకు తీర్పుతో అది ముగిసింది. ఆట పాతదనో, అంగట్లో దొరకడం లేదనో కాపీరైట్ కరిగిపోదు.

మొదటి ప్లేస్టేషన్ సీడీ మామూలు కంప్యూటర్ డ్రైవే చదివేస్తుంది కాబట్టి సొంత డిస్క్ ఉన్నవాడికి ఎమ్యులేటర్‌లో ఆడటం తేలిక. పాత క్యాసెట్లకు రీడర్ పరికరం కావాలి. ఇక అసలు యంత్రాన్ని అచ్చుగుద్దినట్టు దింపడం ఎంత బరువో చూడండి: సూపర్ నింటెండో ప్రాసెసర్ వేగం 4 మెగాహెర్ట్జ్ కూడా లేదు, దాన్ని పూర్తి కచ్చితత్వంతో నడపాలన్న పట్టుదలతో పుట్టిన బీస్నెస్ ఎమ్యులేటర్‌కు 3 గిగాహెర్ట్జ్ స్థాయి కంప్యూటర్ కావలసి వచ్చింది.

కొత్త కన్సోళ్లతో చిక్కు మరో చోట ఉంది. వాటి ఆటలకు ఎన్‌క్రిప్షన్ తాళం ఉంటుంది. తాళం పగలగొట్టడమే నేరమనే డీఎంసీఏ చట్టం అమెరికాలో 1998లోనే వచ్చింది. 2024 ఫిబ్రవరిలో తన స్విచ్ కన్సోల్‌కు వచ్చిన ఎమ్యులేటర్ యుజు మీద నింటెండో వేసిన కేసుకు అదే ఆయుధం. వారం తిరిగేసరికి యుజు బృందం 24 లక్షల డాలర్లకు రాజీపడి దుకాణం కట్టేసింది. అది ఒప్పందమే, వాదోపవాదాల మీద వచ్చిన తీర్పు కాదు. కాబట్టి కనెక్టిక్స్ తీర్పు ఇప్పటికీ నిలిచే ఉంది.

ఇంతలో సోనీ ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. 2018 డిసెంబరులో 20 ఆటలతో ప్లేస్టేషన్ క్లాసిక్ అనే బుల్లి కన్సోల్ విడుదల చేసింది. దాని లోపల ఆటలు నడిపింది పీసీఎస్‌ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్. ఒకప్పుడు ఎమ్యులేటర్ల మీద కోర్టుకెక్కిన కంపెనీయే!

మన దేశంలో కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, వేరే ప్రోగ్రాముతో కలిసి పనిచేసే ప్రోగ్రాము రాయడానికి కావలసిన సమాచారం రాబట్టుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. చట్టబద్ధంగా కొన్న ప్రోగ్రాముకు బ్యాకప్ నకలు తీసుకోవడాన్నీ అనుమతిస్తుంది. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించాలనే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు అంటుంది. ఉద్దేశం అన్న మాట ఉండటం వల్ల మన చట్టం అమెరికా చట్టం కంటే కాస్త మెత్తనే.

అయితే నెట్ సెంటర్ల రోజుల్లో మన కుర్రాళ్లు ‘ముస్తఫా’ అని పిలుచుకుని ఎమ్యులేటర్ మీద ఆడిన ఆటకు ఈ వెసులుబాట్లేవీ వర్తించవు. అది క్యాప్‌కామ్ 1993లో ఆర్కేడ్ యంత్రాల కోసం చేసిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. దాన్ని కంప్యూటర్‌కు గానీ ఇంటి కన్సోల్‌కు గానీ ఆ కంపెనీ అమ్మకానికి పెట్టనే లేదు.