పేరుకు మాత్రమే రాజు

ఈ ఏడాది జనవరి 26న జెండా వందనం ముగిసి తరగతిలోకి వచ్చాక, తొమ్మిదో తరగతి చదివే ఒక పట్టపుపాలెం పిల్ల లేచి నిలబడింది. "ఆగస్టులో తెల్లోళ్లు పొయ్యారు గదా సార్, మరి జనవరి దాకా మనకు రాజెవరు?" అని అడిగింది. ఇరవై ఏళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్న నేను, పాఠ్యపుస్తకంలో ఉన్న రెండు తేదీలను అప్పజెప్పి కూర్చోబెట్టాను. ఆమె అడిగింది తేదీలు కాదని ఇంటికి వచ్చాక గాని తట్టలేదు. ఈ వ్యాసం ఆ పిల్లకు నేను బాకీపడిన జవాబు.

జవాబు సూటిగా చెప్పాలంటే, మనకు రాజు ఆరో జార్జి. 1947 ఆగస్టు 15న ఏర్పడింది గణతంత్రం కాదు, డొమినియన్. అంటే రాజ్యాంగానికి లోబడిన రాచరికం. గవర్నర్ జనరల్ ఆ రాజు పేరనే నియమితుడయ్యేవాడు. మౌంట్‌బాటన్ తర్వాత 1948 జూన్‌లో ఆ స్థానంలో కూర్చున్న రాజగోపాలాచారి మనవాడే అయినా, ఆ స్థానం మాత్రం రాజుదే. 1950 జనవరి 26 వచ్చేదాకా, అంటే దాదాపు రెండున్నరేళ్లపాటు, స్వతంత్ర భారతదేశానికి ఒక రాజు ఉన్నాడు. మన కథల్లో, కవితల్లో ఆ రెండున్నరేళ్ల రాజు దాదాపు కనిపించడు. ఆగస్టు 15న సర్వం ముగిసినట్టే మనవాళ్లు రాశారు.

పేరుకు మాత్రమే ఉన్న రాజును తీసెయ్యడానికి అంత పట్టుదల దేనికి? ఈ ప్రశ్న 1950లో కొత్తగా పుట్టింది కాదు. 1928లో మోతీలాల్ నెహ్రూ నివేదిక డొమినియన్ ప్రతిపత్తితో సరిపెట్టుకుంటే, జవహర్‌లాల్, సుభాస్ వంటి యువకులు ఒప్పుకోలేదు. 1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెసు సంపూర్ణ స్వరాజ్యాన్ని లక్ష్యంగా ప్రకటించింది. 1946 డిసెంబరు 13న రాజ్యాంగ సభలో ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానంలో గణతంత్రం అన్న మాట స్పష్టంగా ఉంది. అయినా 1949 ఏప్రిల్‌లో లండనులో ఒక రాజీ కుదిరింది. భారతదేశం గణతంత్రమవుతుంది, కామన్‌వెల్తులో కొనసాగుతుంది, బ్రిటిష్ రాజును ఆ కూటమికి చిహ్నంగా మాత్రం అంగీకరిస్తుంది. రాజు ముందు ద్వారం గుండా వెళ్లిపోయినా, ఆయన చిత్రపటం కొంతకాలం వరండాలో వేలాడిందన్నమాట.

తెలుగువాళ్లకు అప్పట్లో ఇంకొక రాజు కూడా ఉన్నాడు. కోస్తా, రాయలసీమలు లండను రాజు కింద ఉంటే, తెలంగాణ ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కింద ఉంది. 1938లో ఏర్పడిన హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు మొదట కోరింది ఆసఫ్‌జాహీ ప్రభువు ఛత్రచ్ఛాయలో బాధ్యతాయుత ప్రభుత్వాన్నే. అంటే రాజు ఉండాలి, మంత్రులు ప్రజలకు జవాబు చెప్పాలి. అంత మెత్తని కోరికను సైతం నిజాం ప్రభుత్వం సహించక ఆ సంస్థను నిషేధించింది. గొడుగు నీడ కోరినవాళ్లకు గొడుగు కర్రతో జవాబు దొరికింది.

రాజు ఒంటరి మనిషి కాదన్న సత్యాన్ని పుస్తకాలకన్నా ముందు తెలంగాణ రైతు కూలీలు గ్రహించారు. ఆయన కింద జాగీర్దారు, జాగీర్దారు పక్కన దేశ్‌ముఖు, దేశ్‌ముఖు గడీ ముందు వెట్టి మనిషి. "బాంచన్ దొర" అన్న పలకరింపు ఆ నిచ్చెన చివరి మెట్టు మీద పుట్టింది. నెల్లూరు తీరంలోని అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య ఆ పోరాట నాయకుల్లో ఒకడు కావడం మా ప్రాంతం వాళ్లు గర్వించదగ్గ విషయం. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పేదల చేతికి వచ్చాయని ఆయన తన గ్రంథంలో లెక్క చెప్పాడు. సుందరరామిరెడ్డిగా పుట్టిన మనిషి కులాన్ని వదిలి సుందరయ్యగా మిగిలాడు. తన పేరులో ఉన్న పెత్తనాన్ని తానే రద్దు చేసుకోవడం కూడా ఒక గణతంత్ర ప్రకటనే.

అటు చరిత్ర వ్యంగ్యాన్ని కూడా గమనించాలి. 1948 సెప్టెంబరులో సైనిక చర్యతో నిజాం పాలన ముగిసింది. కాని 1950 జనవరి 26న, దేశం గణతంత్రమైన రోజునే, ఆయన హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్ అయ్యాడు. 1956 అక్టోబరు 31 దాకా ఆ పదవిలో ఉన్నాడు. ఏడాదికి 50 లక్షల రాజభరణం పుచ్చుకున్నాడు. మాజీ సంస్థానాధీశుల భరణాలు, గుర్తింపు రద్దు కావడానికి 1971 నాటి 26వ రాజ్యాంగ సవరణ రావలసివచ్చింది. గణతంత్రం ఒక్క రోజున పుట్టలేదు. ఇరవై ఒక్క సంవత్సరాల పాటు పురుడు పోసుకుంది.

ఇక మా జిల్లా సంగతి. మాకు నిజాం లేడు గాని వెంకటగిరి ఉంది. 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతి జమీందార్లను నిలబెట్టింది. వాళ్ల వెనక తెల్లదొరల కిరీటం నిలబడింది. నెల్లూరు నుంచి వెలువడిన వారపత్రిక తన పేరే 'జమీన్ రైతు' అని పెట్టుకున్నదంటే, ఆనాటి వైరుధ్యం ఎక్కడుందో వేరే చెప్పనక్కరలేదు. 1938లో ప్రకాశం పంతులు అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందార్లకు నష్టపరిహారం ముట్టింది. తరతరాలుగా శిస్తు కట్టినవాడికి ఏ పరిహారం ముట్టిందని ఎవరూ అడగలేదు. కిరీటాన్ని భూమి నుంచి విడదీసి, అదేదో అలంకారమైనట్టు చర్చించేవాళ్లు ఈ క్రమాన్ని మరచిపోతున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎదురవుతుంది. బ్రిటన్, స్వీడన్, జపాన్ దేశాల్లో రాజులు ఇప్పటికీ ఉన్నారు, అక్కడి సామాన్యుడు మనకన్నా మెరుగ్గానే బతుకుతున్నాడు, గణతంత్రమైన మన దేశంలో నాయకుల వారసులే నాయకులవుతున్నారు, అలాంటప్పుడు తేడా ఏముంది అని. ఇది తోసిపుచ్చదగ్గ మాట కాదు. రాజు లేనంత మాత్రాన వారసత్వం పోదు. కాని మన పొరుగున ఉన్న నేపాల్ అనుభవాన్ని చూడాలి. 1990 ప్రజాఉద్యమం అక్కడి రాజును రాజ్యాంగానికి లోబడినవాడిగా చేసింది. 2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర మంత్రివర్గాన్ని తొలగించి అధికారాన్ని చేజిక్కించుకున్నాడు. 2006లో జనం మళ్లీ వీధుల్లోకి రావలసివచ్చింది. 2008 మే 28న గాని నేపాల్ గణతంత్రం కాలేదు. అలంకారంగా గోడకు తగిలించిన కత్తి కూడా కత్తే. మన వారసుణ్ణి ఐదేళ్లకొకసారి ఓడించవచ్చు. రాజు కొడుకును ఓడించే ఎన్నిక ఏ రాజ్యాంగంలోనూ లేదు. తేడా అది. చిన్న తేడా కాదు.

అయితే రచయితలమైన మనం ఈ తేడాను మన రంగంలో ఎంతవరకు నిలుపుకున్నాం? మా నెల్లూరు కవి తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికి, భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. అంతమాత్రాన ఆయనను ప్రజాస్వామికవాదిని చేయడం చరిత్రకు ద్రోహం. రాజు చేతిలోని కృతి దేవుడి చేతికి వెళ్లింది, ప్రజల చేతికి రాలేదు. దానికి ఏడు వందల ఏళ్లు పట్టింది. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితలు సమావేశమైనప్పుడు సాహిత్యానికి కృతిభర్త మారాడు. కాని గణతంత్రంలోనూ ప్రభుత్వం 'ఆస్థాన కవి' పదవిని ఉంచుకుంది. నిజామును ధిక్కరించి నిజామాబాదు జైలుకు వెళ్లిన దాశరథి 1977లో ఆ పదవిని స్వీకరించవలసి రావడం ఆయన ఒక్కడి బలహీనత కాదు, మన సాహిత్య వ్యవస్థ బలహీనత. 1983లో ఆ పదవి రద్దయింది. ఆస్థానం లేకపోయినా ఆస్థానకవుల కొరత మాత్రం నేటికీ లేదు.

ఈ మాట అనే అర్హత నాకుందా? ఎం.ఏ. పూర్తయిన కొత్తలో ఒక స్థానిక నాయకుడికి నేను సన్మానపత్రం రాశాను. అందులో ఆయనను 'ప్రభువులు' అన్నాను, 'ఏలినవారు' అన్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. అప్పకవీయం నేర్పిన ఛందస్సు, కావ్యాలు నేర్పిన వినయం కలం కొసన సిద్ధంగా ఉన్నాయి. బిరుదులను రద్దు చేసిన 18వ అధికరణాన్ని నేను ఒక సీసపద్యంలో రద్దు చేశాను.

మా తీరంలో 'దురాయి' అనే మాట ఉంది. పాత వాడుకలో అది ఏలేవాడి పేర పెట్టే ఆన, నిషేధం. రాజులు పోయారు, జమీందార్లు పోయారు, మాట మాత్రం పట్టపుపాలేల్లో బతికే ఉంది. కాపులు అనే ఊరి పెద్దలు దురాయి వేస్తే ఊరంతా కట్టుబడాలి. వలల తగాదాల్లో అది ఐకమత్యాన్ని కాపాడిన సందర్భాలున్నాయి. ఎదురుచెప్పిన కుటుంబాన్ని ఒంటరి చేసిన సందర్భాలూ ఉన్నాయి. మరోవైపు 'ప్రజ' అనే మాట ఉంది. దానికి సంస్కృతంలో సంతానమని అర్థం. కావ్యాల్లో ప్రజ అంటే రాజు బిడ్డల్లా పాలించవలసినవాళ్లు. 1950లో అదే మాట తిరగబడి, పాలించేవాళ్లు అన్న అర్థం తెచ్చుకుంది. మాటలు వాటంతటవి తిరగబడవు. వాడేవాళ్లు తిప్పాలి. ఆ పని రచయితది, ఉపాధ్యాయుడిది.

రేపు తరగతిలో ఆ పిల్లను లేపి, ఆరో జార్జి పేరు చెబుతాను. తర్వాత ఆమె ఊరి దురాయి సంగతి నేనే అడుగుతాను. ఆ కట్టుబాటు చేసేటప్పుడు మీ అమ్మను ఎవరైనా అడిగారా అని.