ఒంటికి రాసే నూనె, వంటింటి పరీక్ష

జగిత్యాల పక్కన పొలాసలో ఉన్న వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన శ్వేత తిల్, జగిత్యాల తిల్-1 ఇక్కడి నువ్వు రైతుకు తెలిసిన పేర్లే. నువ్వుల నూనె కూరలోకీ పోతుంది, పసిపిల్లల ఒంటికీ పోతుంది. అది అసలుదా, కల్తీదా అని తేల్చే పరీక్షలు మాత్రం దాదాపు అన్నీ వంటింటి కోసం పుట్టినవే. ఒంటికి రాసే నూనె వాటిని అరువు తెచ్చుకుంది.

గానుగ కాలంలో గాండ్లవాళ్ల దగ్గర గింజ ఇచ్చి, ఎదురుగా కూర్చుని ఆడించుకుంటే అనుమానానికి చోటు తక్కువ. హైదరాబాద్ ప్రాంతీయ పరిశోధనశాలలో ఏళ్ల తరబడి నూనెల మీద పనిచేసిన కె.టి. అచయ్య 1993లో ఆ గానుగ మీదే ఒక పుస్తకం రాశారు. డబ్బా నూనె వచ్చాక గింజ ఒకచోట, మిల్లు ఒకచోట, సీసా మరోచోట అయింది. వాసన చూసి, అరచేతిలో రుద్ది చెప్పే తీర్పు ఇక చాలలేదు.

బాడూయిన్ పేరుతో నడిచే పరీక్షకు నువ్వు గింజే కథానాయిక. నూనెకు సమానంగా గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, కొన్ని చుక్కల ఫర్‌ఫ్యూరాల్ వేసి, రెండు నిమిషాలు గట్టిగా కుదిపి నిలబెడితే అడుగున ఆమ్లం పొర గులాబీ ఎరుపు తిరుగుతుంది. నీళ్లు పోసినా ఆ రంగు పోకపోతే నువ్వుల నూనె ఉన్నట్టే. నువ్వులోని సెసమాల్ చేసే పని ఇది. నెయ్యిలో డాల్డా కలిపితే దొరకాలని, వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె ఉండాలని మన చట్టం శాసించింది. నెయ్యికి కాపలా కాసిన నువ్వుకు తన కాపలా తనకు చేతకాదు: సీసాలో నువ్వు ఉందని ఎరుపు చెబుతుంది గానీ, పక్కన ఇంకేం కలిసిందో చెప్పదు.

పల్లినూనె కలిపితే బెల్లియర్ పరీక్ష పట్టిస్తుంది. ఆల్కహాల్‌లో కరిగించిన కొవ్వు ఆమ్లాలను చల్లారుస్తుంటే, నువ్వుల నూనె 22 డిగ్రీల దాకా తేటగానే ఉండాలి. పల్లినూనెవి 39–41 దగ్గరే మసకబారతాయి. పత్తిగింజ నూనెకు హాల్ఫెన్ పరీక్షలో వచ్చే ఎరుపు ఉంది. 1952లో జేమ్స్, మార్టిన్ గ్యాస్ క్రొమాటోగ్రఫీని తెచ్చాక ఏ కొవ్వు ఆమ్లం ఎంతుందో విడివిడిగా లెక్కకు వచ్చింది. పామాయిల్ కలిస్తే పామిటిక్ ఆమ్లం పెరిగి బయటపడుతుంది. కలిపేవాళ్లూ ఈ లెక్కలు చదువుకున్నవాళ్లే కాబట్టి, అంకెలు సరిపోయేలా రెండు మూడు నూనెలు కలపడం నేర్చారు.

చర్మం దగ్గర అసలు చిక్కు లిక్విడ్ పారఫిన్. అది పెట్రోలియం నుంచి వస్తుంది. రంగు, వాసన ఉండవు, చెడిపోదు, చవక. హోల్డే పరీక్షలో నూనెను ఆల్కహాల్, కాస్టిక్ పొటాష్‌తో కాచితే మొక్క నూనె సబ్బుగా మారి నీటిలో కలిసిపోతుంది, పారఫిన్ మారక మసకగా మిగులుతుంది. ఇంతకన్నా ప్రమాదకరమైనది బలురక్కసి గింజల నూనె. అది కలిసిన ఆవనూనె 1998లో ఢిల్లీలో 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. తినడం వల్లే కాదు, ఒంటికి మర్దన చేసుకున్నా ఆ విషం చర్మంలోంచి లోపలికి పోగలదని వైద్యులు అంతకుముందే రాశారు.

ఇక్కడే చట్టం దారి చీలుతుంది. ఆహార నూనెలో పారఫిన్ నేరం. తలనూనెలో మాత్రం అది ఒక దినుసు, లేబుల్ మీద రాస్తే చాలు. బాదం బొమ్మ వేసిన సీసా వెనక మొదటి పేరు పారఫిన్‌దే అయినా ఏ పరీక్షా దాన్ని కల్తీ అనలేదు. పన్నులోనూ ఇదే చీలిక వచ్చింది: చిన్న సీసాలో అమ్మే కొబ్బరినూనె వంటదా, తలదా అన్న పన్ను తగాదా సుప్రీంకోర్టుకు ఎక్కి, వంటనూనె కిందికీ రావచ్చని 2024 డిసెంబరులో తేలింది. అప్పట్లో జీఎస్టీ వంటనూనెకు 5 శాతం, తలనూనెకు 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె కూడా 5 శాతంలోకే వచ్చింది. పన్ను తేడా పోయింది గానీ, పారఫిన్ విషయంలో రెండు సీసాల చట్టాలు ఇంకా వేరే.