నల్లబల్ల మీద 'మీకు తెలుసా?'

హెడ్మాస్టరు గారి గది పక్కన, గంట కొట్టే రైలుపట్టా ముక్క వేలాడే వేపచెట్టుకి ఎదురుగా, గోడ మీద ఒక చిన్న నల్లబల్ల ఉండేది. గుర్తుందా? 1970కి ముందు చదివిన పెద్దలకి అది ఉత్త గోడే. ఆ ఏడాది మన సోషల్ అయ్యవారు అక్కడ సిమెంటు పూయించి, నల్లరంగు వేయించి, పైన తెల్లక్షరాలతో 'మీకు తెలుసా?' అని రాయించారు. రోజుకొక వింత సంగతి దాని మీద రాయాలి. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకు అప్పగించారు. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా పొద్దున్నే వచ్చి, తడిబట్టతో నిన్నటి వింత తుడిచేసి, ఇవాళ్టి వింత రాసేవాణ్ణి.

స్వర్ణోత్సవ సంచిక కమిటీ మిత్రులు ఫోన్ చేసి, "ఆ బోర్డు మీద రాసినట్టే ఓ నాలుగు పేజీలు రాసి పంపు" అన్నారు. రాస్తాను గాని, ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ బోర్డు మీద నేను రాసినవాటిలోనూ, తర్వాత సోషల్ మాస్టారినై పిల్లలకి చెప్పినవాటిలోనూ కొన్ని శుద్ధ అబద్ధాలు ఉన్నాయి. వాటిలో ఒకటి నన్ను ఇప్పటికీ వదలడం లేదు. దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

మొదటి రోజు రాసింది మాత్రం నిఖార్సైన నిజం. 1970 ఫిబ్రవరి 2, సోమవారం. 'రాత్రి కర్నూలు జిల్లాలో పడుకున్నాం, పొద్దున ఒంగోలు జిల్లాలో లేచాం' అని రాశాను. కర్నూలు, గుంటూరు, నెల్లూరు జిల్లాల నుంచి తలా కొన్ని తాలూకాలు తీసి ఆ రోజున కొత్త జిల్లా చేశారు. మన మార్కాపురం తాలూకా కర్నూలు వాటాలోంచి వచ్చింది. తర్వాత 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అంటే నేను ఆరో తరగతిలో చేరింది కర్నూలు జిల్లాలో, పది పాసైంది ఒంగోలు జిల్లాలో, ఉద్యోగంలో చేరింది ప్రకాశం జిల్లాలో. బడి మాత్రం ఒక్కటే! నా సర్టిఫికెట్లు చూసిన ఒక గుమాస్తా "ఇన్ని జిల్లాలు తిరిగారా, మీ నాయన గారిది బదిలీల ఉద్యోగమా?" అని అడిగాడు. మా నాయన జీవితంలో మా ఊరి పొలిమేర దాటింది పెళ్ళిళ్ళకీ, సంతకీ.

రెండో సంగతి పలకది. మన చుట్టుపక్కల గనుల్లో తవ్వే రాయి పొరలు పొరలుగా విడుతుంది. ఆ పొరని కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే పలక. మార్కాపురం పలక అంటే రాష్ట్రమంతా తెలుసు. ఎప్పుడో సముద్రం అడుగున పేరుకున్న బురద, పైబరువుకీ వేడికీ బిగుసుకుని ఆ రాయి అయింది. దాని వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాటే. అప్పటికి భూమ్మీద చెట్టూ లేదు, చేపా లేదు. అంతటి ప్రాచీన వస్తువు మీద మనం ఉమ్మేసి, మోచేత్తో తుడిచి, రెండో ఎక్కం రాశాం. ఆకుపసరూ బొగ్గూ రుద్ది నల్లబరిచాం. కోపమొస్తే పక్కవాడి నెత్తిన పగలగొట్టాం కూడా. ఆ నెత్తి తాలూకు మిత్రుడు ఈ సంచికకి విరాళం ఇచ్చాడు కాబట్టి పేరు రాయను.

సుద్దముక్క సంగతీ అంతే. బడిలో వాడే సుద్దముక్కలో చాలామటుకు ఉండేది సుద్ద కాదు, జిప్సం. విరిగిన చెయ్యికి వేసే పిండికట్టు కూడా దాని నుంచి వచ్చినదే. పెన్సిల్లో సీసం ఉంటుందని నమ్మి, ములుకు నాకితే చచ్చిపోతామని భయపడ్డాం. అందులో ఉన్నది గ్రాఫైటూ బంకమట్టీ. చచ్చినవాళ్ళెవరూ లేరు.

ఇక అబద్ధాల జాబితా. చంద్రుడి మీద నుంచి చూస్తే చైనా గోడ కనిపిస్తుందని పెద్ద అక్షరాలతో రాశాను. నాలుగు లక్షల కిలోమీటర్లకు కొంచెం తక్కువ దూరం నుంచి, వెడల్పు కొన్ని మీటర్లే ఉన్న గోడ ఎలా కనిపిస్తుందని మా ఇద్దరిలో ఎవరికీ, అంటే అయ్యవారికీ నాకూ, తోచలేదు. తమాషా ఏమిటంటే, ఈ మాట 1932లోనే రిప్లే గారి 'బిలీవిట్ ఆర్ నాట్'లో అచ్చయింది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టింది 1969లో. చూసినవాడు లేకుండానే ముప్పై ఏడేళ్ళు ముందుగా సాక్ష్యం తయారైంది! 2003లో చైనా పంపిన మొదటి వ్యోమగామి, భూమికి దగ్గరలోనే తిరిగి వచ్చినాయన, తనకి గోడ కనబడలేదని చెప్పాడు.

మన జాతీయ క్రీడ హాకీ అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడల శాఖే 2012లో సమాచార హక్కు దరఖాస్తుకి జవాబిచ్చింది. హిందీ జాతీయ భాష అనీ చెప్పాను. రాజ్యాంగం 343వ అధికరణంలో ఉన్నది కేంద్ర ప్రభుత్వ అధికార భాష అన్న మాట. ఇక మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమ గీతంగా యునెస్కో ప్రకటించిందని ఇప్పటికీ మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆగస్టు నెల రాగానే ఎవరో ఒకరు పెడతారు. యునెస్కో అటువంటి ప్రకటన ఏదీ చేయలేదు. మళ్ళీ పెట్టకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను.

ఈ కట్టుకథ కంటే అసలు సంగతి మనకి ఎంతో దగ్గరిది. 1911లో కలకత్తా కాంగ్రెసు సభలో మొదటిసారి పాడిన ఆ పాటకి ఇంగ్లీషు అనువాదం ఠాగూర్ చేసింది మదనపల్లెలో. 1919 ఫిబ్రవరిలో ఆయన అక్కడి థియొసాఫికల్ కాలేజీకి వచ్చి కొన్నాళ్ళున్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండు దేశస్థుడు, కవి. ఒక సాయంకాలం విద్యార్థుల మధ్య ఠాగూర్ ఆ పాట పాడారు. కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్నావిడ. పాటకి స్వరలిపి రాసి భద్రం చేసింది ఆవిడే. మదనపల్లె వైపు పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు టమాటాల ధర మాత్రమే విచారించి వచ్చేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

జెండా సంగతి అందరికీ తెలుసు. పింగళి వెంకయ్య గారు. అయితే మనం చెప్పుకునేంత సూటిగా జరగలేదు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో ఆయన గాంధీ గారికి చూపిన జెండాలో ఉన్నవి ఎరుపూ ఆకుపచ్చా. మధ్యలో రాట్నం ఉండాలన్న సూచన జలంధరుకి చెందిన లాలా హంసరాజ్ గారిది. తెలుపు చేర్చమన్నది గాంధీ. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించినప్పుడు రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది. ఇంతమంది చేతులు పడ్డాయని చెబితే వెంకయ్య గారికి తక్కువేమీ కాదు. 1916లోనే దేశానికి ఒక జెండా ఉండాలని నమూనాలు గీసి పుస్తకం వేసిన మనిషి ఆయన.

జెండా, జాతీయగీతం అయ్యాయి. ప్రార్థనలో మిగిలింది ప్రతిజ్ఞ. కుడిచెయ్యి ముందుకు చాచి, లీడరు ఒక ముక్క అంటే మనమంతా ఆ ముక్క అనేవాళ్ళం. చెయ్యి నొప్పెట్టి, ముందువాడి భుజం మీద ఆనించి డ్రిల్లు మాస్టారి బెత్తం దెబ్బ తిన్నవాళ్ళు ఇది చదువుతూ నవ్వుకుంటూ ఉంటారు. ప్రతి పాఠ్యపుస్తకం మొదటి పేజీల్లో అది ఉండేది. కింద రాసినవారి పేరు ఉండేది కాదు. పేరు లేదేమని ఎవరమూ అడగలేదు. ఎండకీ వానకీ కర్త ఎవరని అడుగుతామా? అలాగే అనుకున్నాం.

1983 నుంచి ఏడేళ్ళు నేను ఇదే బడిలో సోషల్ చెప్పాను. 1987 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్ళని, వేపచెట్టు కింద క్విజ్ పెట్టాను. ఆఖరి ప్రశ్న: ప్రతిజ్ఞ రాసిందెవరు? నా చీటీ మీద రాసుకున్న జవాబు ఠాగూర్. జాతీయగీతం ఆయనదే గనక ఇదీ ఆయనదే అయి ఉంటుందని ఎవరో అనగా విని, మరి పుస్తకం తిప్పకుండా రాసుకున్నాను. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు లేచాడు. బ్యాంకు ఉద్యోగి కొడుకు, నల్లగొండ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబం. "పైడిమర్రి సుబ్బారావు గారు సార్. ట్రెజరీ ఆఫీసరుగా చేశారు. మా అమ్మమ్మ వాళ్ళ ఊరి దగ్గరాయన" అన్నాడు.

నేను నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. "ట్రెజరీలో బిల్లులు రాస్తారు నాయనా, ప్రతిజ్ఞలు రాయరు" అన్నాను. బడి బడంతా గొల్లుమంది. స్టాఫు కూడా నవ్వారు. నెలనెలా జీతం బిల్లులతో ట్రెజరీ మెట్లెక్కేవాళ్ళం కదా, మాకు ఆ మాట మరీ నచ్చింది. పిల్లవాడు కూర్చున్నాడు. ఠాగూర్ అన్న పిల్లవాడికి బహుమతి ఇచ్చాను. ఒక ఇంకు పెన్ను.

2012లో ప్రతిజ్ఞకి యాభై ఏళ్ళు నిండాయని పేపర్లలో వచ్చేదాకా నాకు అసలు సంగతి తెలియదు. పొద్దున కాఫీ తాగుతూ ఆ పేరు చదివాను. పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో 1916లో పుట్టారు. తెలుగు, సంస్కృతం, హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ వచ్చు. 'కాలభైరవుడు' అనే నవల రాశారు. ఉద్యోగం, ఆ పిల్లవాడు చెప్పినట్టే, ట్రెజరీ. 1962లో, చైనా యుద్ధం వచ్చిన ఏడాది, విశాఖపట్నంలో పనిచేస్తూ ప్రతిజ్ఞ రాశారు. తెన్నేటి విశ్వనాథం గారికి చూపిస్తే ఆయన దాన్ని విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి అందించారు. 1963లో మన రాష్ట్రపు బళ్ళలో మొదలైంది. 1964లో బెంగళూరులో ఎం.సి. చాగ్లా అధ్యక్షతన జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం దేశమంతటా చదివించాలని నిర్ణయించింది. 1965 జనవరి 26 నుంచి అది అమలైంది.

దీనిలో నాకు అన్నిటికన్నా ముచ్చటైన ముక్క ఒకటుంది. ఆయన రాసింది తెలుగులో. హిందీలో చదివినా, ఇంగ్లీషులో చదివినా, దేశంలో ఏ మూల పిల్లలు చదివినా, అది తెలుగు నుంచి వెళ్ళిన అనువాదమే. ఢిల్లీ నుంచి మనకి వచ్చిందని మనం అనుకుంటున్నది మన దగ్గర నుంచి ఢిల్లీకి వెళ్ళింది.

ఆయనకే చాలాకాలం ఈ సంగతి తెలియదు. తను రాసినది పాఠ్యపుస్తకాల్లో అచ్చవుతోందని, మనవరాలు తన పుస్తకంలోది పైకి చదువుతుంటే విని తెలుసుకున్నారట. అలాగని తన పేరు వేయమని పోరాడిన మనిషి కాదు. ఇప్పుడు తెలుగు పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ దగ్గర ఆయన పేరు వేస్తున్నారు. ఆయన పోయాక.

పోయింది 1988 ఆగస్టులో. ఆ తేదీ దగ్గరే నేను పేపరు కింద పెట్టేశాను. నేను వేపచెట్టు కింద ఆ మాట అని అందరినీ నవ్వించిన రోజుకి ఆయన బతికే ఉన్నారు. ఇంకా ఏడాది ఉన్నారు. పిల్లవాణ్ణి పక్కకి పిలిచి "నీకెవరు చెప్పారురా?" అని ఒక్కమాట అడిగి ఉంటే, పదిహేను పైసల పోస్టుకార్డు ముక్కతో తేలిపోయే విషయం. మన బడి పిల్లల చేత ఆయనకి ఉత్తరం రాయించి ఉండేవాణ్ణి. బోర్డు మీద ఆయన పేరు రాసి ఉండేవాణ్ణి.

ఆ పిల్లవాడు పది పూర్తికాకుండానే వాళ్ళ నాన్నగారి బదిలీతో వెళ్ళిపోయాడు. పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ బ్యాచ్ వాళ్ళకి రాయక్కర్లేదు కూడా. ఇప్పుడు యాభై ఏళ్ళవాడై ఉంటాడు. మన సంఘం దగ్గరున్న పాత జాబితాలో పేరుంది, చిరునామా లేదు. మీలో ఎవరికైనా అతని జాడ తెలిస్తే స్వర్ణోత్సవానికి తప్పకుండా రమ్మని చెప్పండి.

పోయిన నెల రాజమండ్రి వెళ్ళి ఒక రత్నం పెన్ను కొన్నాను. ఏదైనా స్వదేశీ వస్తువు తయారుచేయమని గాంధీ గారు చెప్తే కె.వి. రత్నం గారు మొదలుపెట్టిన పెన్నులు అవి. వాడి చూశాననీ, విదేశీ పెన్నుల స్థానంలో పనికొస్తుందనీ గాంధీ 1935 జూలై 16న ఆయనకి ఉత్తరం రాశారు. క్విజ్ బహుమతి కాబట్టి బహుమతిలాగానే, వేపచెట్టు కింద, అందరి ముందూ ఇస్తాను. పాళీ కొంచెం గరుకుగా ఉందని రోజూ ఒక పేజీ రాసి సరిచేస్తున్నాను. ఈ వ్యాసం దానితో రాసిందే.