వారానికో పెన్నీ: బ్రిస్టల్‌లో చిన్న కూటాల చరిత్ర

ఇంగ్లండ్‌లో మా బ్రిస్టల్ నడిబొడ్డున బ్రాడ్‌మీడ్ అనే బజారు ఉంది. బట్టల దుకాణాలు, కాఫీ హోటళ్లు బారులు తీరిన ఆ వీధికీ హార్స్‌ఫెయిర్ వీధికీ మధ్య ‘న్యూ రూమ్’ అనే పాత ప్రార్థనా మందిరం ఉంది. మెథడిస్టు క్రైస్తవులకు ప్రపంచంలోకెల్లా పాత కట్టడం ఇదే. 1739 మే 12న దీనికి పునాదిరాయి వేశారు, 1748లో పెంచి కట్టారు. వాకిట్లో మెథడిజం స్థాపకుడు జాన్ వెస్లీ గుర్రం మీద కూర్చుని ఉన్న కంచు విగ్రహం కనిపిస్తుంది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పే కథ కూడా ఆ విగ్రహానికి తగినట్టే ఉంటుంది: గుడి తలుపులు మూసేస్తే ఆరుబయట బోధించిన బోధకులు, వినడానికి విరగబడిన జనం, కింగ్స్‌వుడ్ బొగ్గుగని కూలీల కన్నీళ్లు. ఆ కథ నిజమే. అయితే ఆరుబయట విన్న మాట వారం తిరిగేసరికి ఎంతమందిలో మిగిలిందన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. ఆ జనాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టింది వారానికో పెన్నీ చందా, దానికోసం ఇంటి తలుపు తట్టిన మనిషి. బైబిలు చదివి, ఒకరి నడవడికి ఒకరు జవాబు చెప్పుకునే చిన్న కూటం నిలవాలంటే, అడిగేవాడు అవతలివాడి బరువులో కొంత తాను మోయాలి. ఈ ఊరి చరిత్ర చదివి నేను చేరిన నిర్ణయం ఇది. దానికి ఆధారాలేమిటో, ఎదురయ్యే ఆక్షేపణలేమిటో ఇక్కడ రాస్తున్నాను.

వెస్లీ 1739 మార్చి 31న బ్రిస్టల్ చేరేటప్పటికే ఇక్కడ చిన్న కూటాలున్నాయి. నికలస్ స్ట్రీట్‌లో ఒకటి, బాల్డ్‌విన్ స్ట్రీట్‌లో ఒకటి. లండన్‌లో 1670ల నాటి నుంచే ఆంథొనీ హార్నెక్ అనే గురువు పూనికతో మొదలైన భక్తసమాజాల బాటలోనే ఇవీ నడిచాయి. వారానికి ఒకటి రెండుసార్లు కలవడం, లేఖనం చదవడం, ప్రార్థన చేసి ఇళ్లకు పోవడం వీటి పద్ధతి. వెస్లీ వచ్చిన మర్నాడు, ఏప్రిల్ 1న, నికలస్ స్ట్రీట్ కూటంలో కొండమీది ప్రసంగాన్ని వివరించడం మొదలుపెట్టాడు. ఆ మరుసటి రోజే ఊరి శివారున ఒక మిట్ట మీద నిలబడి సుమారు మూడు వేలమందికి బోధించాడు. చరిత్ర పుస్తకాలు పెద్ద అక్షరాలతో రాసుకున్నది ఈ ఏప్రిల్ 2నే. నా లెక్కలో అంతకన్నా ముఖ్యమైన తేదీ ఏప్రిల్ 4. ఆ సాయంత్రం ముగ్గురు స్త్రీలు వారం వారం కలుసుకుని తమ తప్పులు ఒకరితో ఒకరు ఒప్పుకుని, ఒకరికోసం ఒకరు ప్రార్థన చేసుకోవాలని మాట ఇచ్చుకున్నారు. రాత్రి ఎనిమిదింటికి నలుగురు యువకులు అదే మాట అనుకున్నారు. యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో ఉన్న ఆజ్ఞను వాళ్లు ఉన్నదున్నట్టుగా పాటించబోయారు. వీటికి బ్యాండులని పేరు. 1738 డిసెంబరులో లండన్‌లో రాసుకున్న నియమాల ప్రకారం, కిందటిసారి కలిసిన తరవాత తెలిసి చేసిన పాపమేమిటి, ఎదురైన శోధన ఏమిటి, దానినుంచి ఎలా తప్పించుకున్నావు అని ఒక్కొక్కరినీ అడగాలి. ఆడవాళ్లు వేరు, మగవాళ్లు వేరు; పెళ్లయినవాళ్లు వేరు, కానివాళ్లు వేరు. ఇంత లోతుగా అడిగించుకోవడానికి గుండె నిబ్బరం కావాలి, పక్కనున్నవాళ్ల మీద గట్టి నమ్మకం కావాలి. అందుకే బ్యాండులు ఎప్పుడూ కొందరివిగానే ఉండిపోయాయి. రేవులో బరువులు మోసేవాడికీ, ఒకరింట్లో పనిచేసే పిల్లకీ అవి అందలేదు.

వాళ్లకు అందినది అప్పు పుణ్యమా అని పుట్టింది. నికలస్, బాల్డ్‌విన్ వీధుల సమాజాలు రెండూ కలిసి కూర్చోవడానికి చోటు చాలక హార్స్‌ఫెయిర్‌లో స్థలం తీసుకుని న్యూ రూమ్ కట్టారు. మొదట పదకొండుమంది ధర్మకర్తలు ఖర్చు చూసుకుంటారని వెస్లీ అనుకున్నాడు. కానీ కూలి చెల్లించడానికే తాను నూట యాభై పౌండ్లకు పైగా నెత్తిన వేసుకోవలసి వచ్చింది. సమాజాల చందాలు అందులో నాలుగో వంతుకు కూడా రాలేదు. ఆ బాకీ తీర్చే దారి వెతకడానికి 1742 ఫిబ్రవరి 15న సభ్యులు కూడారు. తలా వారానికో పెన్నీ ఇద్దామని ఒకరు లేచి అన్నారు. చాలామంది బీదవాళ్లు, ఇవ్వలేరని ఇంకొకరన్నారు. అప్పుడు మొదటి మనిషి, కెప్టెన్ ఫోయ్ అనే ఓడ కెప్టెనని సంప్రదాయం చెబుతుంది, అందరికన్నా బీదవాళ్లను పదకొండుమందిని తనకు అప్పగించమన్నాడు. వారం వారం వాళ్ల దగ్గరికి తానే వెళ్తాననీ, ఇవ్వగలిగితే సరేననీ, లేకపోతే వాళ్ల వంతు కూడా తానే వేస్తాననీ మాట ఇచ్చాడు. మిగతావాళ్లనూ అలాగే చేయమన్నాడు. పన్నెండేసిమందితో సమాజమంతా క్లాసులుగా ఏర్పడింది అలాగే. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు. అంటే ఒక్కో క్లాసు వారానికో షిల్లింగు, ఏడాదికి రెండు పౌండ్ల పన్నెండు షిల్లింగులు తేగలదు. ఇందులో వేదాంత చర్చ లేదు, భక్తి గురించిన పథకమూ లేదు. అది బాకీ తీర్చడానికి వేసుకున్న లెక్క.

ఆ లెక్కకోసం ఇళ్లకు వెళ్లిన క్లాసు నాయకులకు లెక్కలో లేనివి కనబడ్డాయి. ఒకచోట మనిషి తాగి ఉన్నాడు, ఇంకోచోట మొగుడూపెళ్లాలు తగవులాడుకుంటున్నారు. నాయకులు వచ్చి చెప్పగానే ఇన్నాళ్లూ తాను వెతుకుతున్నది ఇదేనని వెస్లీకి తోచింది. కొన్నాళ్లకు ఇంటింటికీ తిరగడం ఆపి, క్లాసు మొత్తాన్ని ఒకచోట చేర్చడం మొదలుపెట్టారు. దానికి ఆయన రాసిన కారణాలు ఆనాటి బ్రిస్టల్ జీవితానికి మంచి సాక్ష్యాలు. ఇల్లిల్లూ తిరగడానికి సమయం చాలదు. చాలామంది యజమానుల ఇళ్లలోనో చుట్టాల పంచనో ఉంటారు, అక్కడికి ఈ మనుషుల్ని రానివ్వరు. రానిచ్చినా ఒంటరిగా నాలుగు మాటలు మాట్లాడుకునే చోటు దొరకదు. ఇద్దరి మధ్య మాటపట్టింపు వస్తే ఎదురెదురుగా కూర్చోబెడితే తప్ప తేలదు. సొంత గది అంటూ లేని మనిషికి వారానికో గంట తన పేరు పెట్టి, నీ ఆత్మ ఎలా ఉందని అడిగే చోటు దొరికిందంటే అది చిన్న విషయం కాదు. క్లాసుల్లో సగానికి పైగా స్త్రీలే ఉండేవాళ్లు, నాయకత్వమూ చాలాచోట్ల వాళ్లదే. గుడిలో నోరు తెరిచే హక్కు లేని కాలంలో, వారం వారం పదిమంది బాగోగులు కనుక్కుని తీర్పు చెప్పే బాధ్యత వాళ్ల చేతికి వచ్చింది.

డబ్బుతో మొదలైనది ఆత్మీయతగా ఎలా మారుతుందని తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. 1990ల్లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం వెనకే రోజుకో రూపాయి పొదుపు సంఘాలు వచ్చాయి. పదిపదిహేనుమంది ఆడవాళ్లు రూపాయి లెక్క కోసం కూర్చున్నచోట ఇంట్లో దెబ్బలు, తాగుడు, పిల్లల చదువు మాటకు వచ్చాయి. బ్రిస్టల్ క్లాసులదీ ఆ దారే. వాటికి రాసిన 1743 నాటి సాధారణ నియమాల్లో తాగుడు మానాలని, సారాయి అమ్మకూడదని, వడ్డీ వ్యాపారం కూడదని, సుంకం ఎగ్గొట్టిన సరుకు కొనడం అమ్మడం తగదని ఉంది. ఆ చివరి మాట రేవు పట్నంలో ఎంత సూటిగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు.

ఇక ఆక్షేపణలకు వస్తాను. ఇది బ్రిస్టల్‌లో పుట్టిందే కాదు, మొరేవియన్లనే క్రైస్తవ శాఖ నుంచీ ఆంగ్లికన్ భక్తసమాజాల నుంచీ తెచ్చిందేనన్నది ఒకటి. బ్యాండుల మట్టుకు అది నిజం. క్లాసు సంగతి వేరు. చేరేవాళ్లంతా ఒక మతానుభవం పొందినవాళ్లే కావాలని బ్యాండు కోరింది. క్లాసు అది అడగలేదు. రాబోయే ఉగ్రతను తప్పించుకోవాలన్న కోరిక ఉంటే చాలంది. బీద సభ్యుడి చందా నాయకుడు కట్టడం ఈ ఊళ్లోనే మొదలైంది. రెండో ఆక్షేపణ గట్టిది: ఇది మతం పేరిట నిఘా. ఇంగ్లండ్ కార్మికవర్గ చరిత్ర రాసిన ఇ.పి. థాంప్సన్ 1963లో మెథడిజాన్ని కూలీల మనసులకు వేసిన సంకెలగా చూశాడు. మూడు నెలలకోసారి కొత్త టికెట్టు ఇచ్చేవారు. నడవడి బాగోలేనివాడికి టికెట్టు లేదు, టికెట్టు లేకపోతే కూటంలోకి ప్రవేశం లేదు. 1743 మార్చిలో న్యూకాసిల్‌లో వెస్లీ 64 మందిని తొలగించి కారణాలు రాసిపెట్టాడు. తాగుడుకు 17 మంది, భార్యను కొట్టినందుకు ఒకడు, నిర్లక్ష్యానికి 29 మంది. నిర్లక్ష్యమన్న నేరం కింద ఎవరినైనా పంపేయవచ్చు, ఆ అధికారం ప్రమాదకరమని ఒప్పుకోవలసిందే. కానీ నిఘాకూ క్లాసుకూ ఒక తేడా ఉంది. నిఘా పెట్టేవాడు తన గురించి ఏమీ చెప్పడు, ఏమీ పోగొట్టుకోడు. క్లాసు నాయకుడు ఇవ్వలేనివాడి పెన్నీ తాను వేయాలి, వారం వారం తన లెక్కను తోటి నాయకుల ముందు పెట్టాలి. క్లాసులో తన సంగతీ చెప్పాలి. ఫోయ్ ఎంచుకున్నది కలవారిని కాదు, అందరికన్నా బీదవాళ్లను. ఆ ఎంపికే లేకపోతే థాంప్సన్ మాట పూర్తిగా నిజమయ్యేది. అది మరచిపోయిన చోటల్లా నిజమైంది కూడా.

మూడో ఆక్షేపణ ఈ ఊరికే ప్రత్యేకం, నాకు అన్నిటికన్నా బరువైనది. ఆ పాత కూటాల్లో ఒకటి కలుసుకున్న బాల్డ్‌విన్ స్ట్రీట్ రేవుకు కూతవేటు దూరం. 1730ల్లో బానిస వ్యాపారంలో బ్రిటన్‌లోనే ముందున్న రేవు ఇది. 1698 నుంచి 1807 దాకా ఇక్కడి నుంచి రెండు వేలకు పైగా ఓడలు ఆఫ్రికా మనుషుల్ని కొనడానికి బయల్దేరాయి. వాళ్లు కరీబియన్ తోటల్లో పండించిన చెరకు పంచదారను ఇక్కడి కార్ఖానాల్లో శుద్ధి చేసేవారు, ఊళ్లో చాలామంది బతుకుతెరువు దానితో ముడిపడి ఉండేది. 1743 నియమాలు సుంకం ఎగ్గొట్టిన సరుకును నిషేధించాయి కానీ మనిషిని సరుకు చేయడాన్ని పేరెత్తి నిషేధించలేదు. వారం వారం పాపం ఒప్పుకున్న కూటాలు ఇంత పెద్ద పాపం పక్కన కూర్చుని తాగుడు గురించి మాట్లాడుకున్నాయంటే ఆ జవాబుదారీ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. దీన్ని ఆనాటి కాలం అలాంటిదని తోసిపుచ్చడం నాకు ఇష్టం లేదు. క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖవాళ్లు అప్పటికే ఈ వ్యాపారాన్ని ప్రశ్నిస్తున్నారు. నేను చెప్పగలిగింది ఒకటే: చిన్న కూటంలో మనిషి ఎదురుగా కూర్చున్నవాడికి జవాబు చెబుతాడు. తాగుబోతు భార్య ఆ గదిలో ఉంది కాబట్టి తాగుడు ప్రశ్న అయింది. ఓడ అడుగున గొలుసులతో ఉన్న మనిషి గదిలో లేడు. ఫోయ్ తరహాలో భారం మోసేవాళ్లు ఆ మనిషి పక్షాన ఎవరూ లేరు. ఇది క్లాసు పద్ధతికి ఉన్న అసలు హద్దు.

ఆ హద్దు ఆలస్యంగా కదిలింది. వెస్లీ 1774లో బానిసత్వాన్ని ఖండిస్తూ పుస్తకం రాశాడు. 1787లో బానిస వ్యాపారాన్ని వ్యతిరేకించిన థామస్ క్లార్క్‌సన్ బ్రిస్టల్ వచ్చి నావికుల వాంగ్మూలాలు సేకరించాడు. మరుసటి ఏడాది వెస్లీ ముందుగా చెప్పి మరీ న్యూ రూమ్‌లో బానిసత్వం మీద ప్రసంగించాడు. కలవారూ లేనివారూ కిక్కిరిసిన ఆ సభలో నడుమ పెద్ద కలకలం రేగి, జనం ఒకరి మీద ఒకరు పడి బల్లలు విరిగాయని ఆయనే రాసుకున్నాడు. అక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి అది తమ బతుకుతెరువు గురించిన మాట. 1739లో మొదలుపెట్టినవాళ్లు ఆ మాటకు రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. అంతకన్నా పెద్ద పొగడ్త ఇవ్వడం న్యాయం కాదు.

తరవాతి కథ త్వరగానే చెప్పవచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మందిరాలు పెద్దవయ్యాయి, సభ్యులు కలవారయ్యారు. టికెట్టూ చందా నిలిచాయి, ఇంటి గడప తొక్కడం తగ్గింది. క్లాసుకు రాకపోతే సభ్యత్వం ఉంటుందా ఉండదా అని ఆ శతాబ్దం చివర్లో సభల్లో వాదించుకున్నారంటే, అప్పటికే అది సారం పోయి నియమంగా మిగిలిందన్నమాట. న్యూ రూమ్ 1808లో వేల్స్ మెథడిస్టుల చేతికి పోయి, 1929లో తిరిగి వచ్చింది. ఈలోగా ఈ పద్ధతి ఓడలెక్కింది. బ్రిస్టల్‌లో 1784 సెప్టెంబరులో వెస్లీ చేతినుంచి అమెరికా పనికి నియామకం పొందిన థామస్ కోక్, 1814లో సిలోనుకు వస్తూ నడిసముద్రంలో కన్నుమూశాడు. ఆయన వెంట బయల్దేరినవాళ్లు సిలోను చేరారు, అక్కడినుంచి మద్రాసుకు వచ్చారు, వాళ్ల మిషన్ సంస్థే తరవాత హైదరాబాదు రాజ్యంలో పని మొదలుపెట్టింది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ మహాదేవాలయం ఆ పరంపరలోదే.

కాబట్టి బ్రిస్టల్ చరిత్ర మనకు పరాయిది కాదు. తెలుగునాట ఈనాటికీ గృహ కూటాలు, స్త్రీల కూటాలు వారం వారం నడుస్తున్నాయి. వాటికీ చందా పుస్తకాలుంటాయి, హాజరు పట్టీలుంటాయి. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరి వంతు ఎవరు కట్టారు, ఎవరింట్లో కూడారు అన్నవన్నీ వాటిలో ఉంటాయి. బ్రిస్టల్ సంగతి ఇంతగా తెలిసిందంటే డైరీలు, టికెట్లు, లెక్కలు ఎవరో పారేయకుండా దాచబట్టే. మెదక్‌లోనో దోర్నకల్‌లోనో ఒంగోలులోనో మీ సంఘంలో పాత చందా పుస్తకం ఏదైనా బీరువా అడుగున ఉంటే చెదలకు వదిలేయకండి. తీసి దుమ్ము దులిపి, పేర్లు తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే వాళ్ల పక్కన కూర్చుని చదివించుకుని రాసిపెట్టండి.