మా ఇంటి మాకింటోష్ డబ్బా

పోయిన భాగంలో హోటళ్ళ రెండు గ్లాసుల గురించి రాశాను. చదివిన పిల్లలు కొందరు ఫోన్ చేసి, "మేడం, ఇప్పుడు అంతటా కాగితం గ్లాసులే కదా, ఆ గొడవ పోయినట్టే కదా" అన్నారు. పోయిందో లేదో మాట్లాడుకుందాం. కానీ ఈసారి గ్లాసు కాదు, చాక్లెట్.

రాయచోటి చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు మాకింటోష్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కోయిట్ నుంచి సఫర్‌కు వచ్చే ప్రతి మనిషి పెట్టెలో ఆ రేకుడబ్బా ఉండాల్సిందే. కువైట్‌ను మావాళ్ళు కోయిట్ అనే అంటారు. గాలివీడు, లక్కిరెడ్డిపల్లె, చిన్నమండెం, సంబేపల్లె, ఎటు పోయినా అంతే. చాక్లెట్లు నాలుగు రోజుల్లో అయిపోతాయి, డబ్బా మాత్రం నలభై ఏళ్ళుంటుంది. అందులో సూదీ దారం, రేషన్ కార్డు, విత్తనాలు, తాకట్టు చీటీలు. మా ఇంట్లో ఉన్న డబ్బాకు మూత మీద బొమ్మలు చెరిగిపోయి ఇప్పుడు వట్టి ఊదారంగే మిగిలింది.

దాని మీద ఇంగ్లీషులో క్వాలిటీ స్ట్రీట్ అని ఉంటుంది. అరబ్బులు మాత్రం తయారుచేసినవాడి పేరు పట్టి మాకింటోష్ అంటారు. మనవాళ్ళు అరబ్బుల ఇళ్ళలో పనిచేశారు కాబట్టి అదే పేరు మన నోట్లోకి వచ్చింది. చూడండి, ఇంగ్లండులో హాలిఫాక్స్ అనే ఊర్లో చేసిన మిఠాయి, అరబిక్ పేరు పెట్టుకుని, కడప జిల్లా మాదిగ ఇంటికి చేరింది. కువైట్ 1899 నుంచి 1961 దాకా బ్రిటిష్‌వాళ్ళ రక్షణలో ఉండింది. 1961 దాకా అక్కడ చెల్లిన డబ్బు కూడా రూపాయే. బ్రిటిష్ సరుకు ఆ దేశపు అల్మారాల్లోకి రావడానికి దారి అట్లా పడింది. ఆ అల్మారాలు తుడిచే పనికి మా అమ్మ 1987లో పోయింది.

ఖద్దామా పని. రెండేళ్ళకోసారి సఫర్. వచ్చినప్పుడల్లా రెండు డబ్బాలు తెచ్చేది, ఒకటి అరుంధతివాడకు, ఒకటి ఊర్లోకి. ఊర్లోకి ఎందుకంటే, మేము పని చేసిన రెడ్లింటి ఆడవాళ్ళు అరుగు మీద నుంచే కేకేసేవాళ్ళు: "ఏమే, కోయిట్ నుంచి ఏం తెచ్చినావే మాకు?" అమ్మ డబ్బా అరుగు అంచున పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగేది. పిల్లలొచ్చి ఏరుకునేవాళ్ళు. నేను పక్కన నిలబడి చూసేదాన్ని. ఆ ఇంట్లోనే, మా అన్న పెండ్లికి అమ్మ చేసి పంపిన కజ్జికాయలను గొడ్లపాక దగ్గర పెట్టించి, తర్వాత పనివాళ్ళకు పంచేశారు. అదే మనిషి, అదే చెయ్యి. కజ్జికాయకు అంటింది చాక్లెట్‌కు ఎందుకు అంటలేదు?

చాలా ఏళ్ళు నేను దీన్ని డబ్బు మహిమ అనుకున్నాను. కోయిట్ డబ్బుకు కులం తగ్గిందనుకున్నాను. కాదు. స్వయంపాకం అనే మాట మీకు తెలుసు కదా. బ్రాహ్మణుడికి బియ్యం, పప్పు, కూరగాయలు, బెల్లం పచ్చిగానే ఇస్తారు, ఆయన ఇంటికి తీసుకుపోయి వండుకుంటాడు. పచ్చి సరుకు ఎవరి చేతి నుంచి వచ్చినా పెద్ద చిక్కు లేదు. నీళ్ళు తగిలి, పొయ్యెక్కి, ఒక చేత్తో రూపం పొందితేనే మైల. మన చేతులు కోసిన వరి పనికొస్తుంది, మన చేతులు వండిన అన్నం పనికిరాదు. కాగితం చుట్టిన చాక్లెట్ ఈ లెక్కలో వంట కాదు, సరుకు. మా అమ్మ దాన్ని మోసుకొచ్చిందే తప్ప ముట్టుకోలేదు. ముట్టుకున్నది కాగితాన్ని.

ఇదంతా మళ్ళీ ఎందుకు తవ్వుతున్నానంటే, పోయిన సంవత్సరం పదిరోజులు లండన్ వెళ్ళొచ్చాను. మా చెల్లెలి కూతురు అక్కడ చదువుతోంది. అంబేద్కర్ 1921-22లో అద్దెకున్న కింగ్ హెన్రీస్ రోడ్డు పదో నంబరు ఇల్లు చూడాలన్నది నా కోరిక. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని మ్యూజియం చేసింది. ఆ ఇంటి గురించి ఇంకోసారి రాస్తాను. బయల్దేరే ముందు మా కాలేజీ స్టాఫ్‌రూం వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట: "మేడం, లండన్ చాక్లెట్లు మర్చిపోవద్దు!" పంతొమ్మిది మంది. అడిగినవాళ్ళలో, దసరాకు నేను తీసుకెళ్ళిన లడ్డు డబ్బాను "షుగరండీ", "ఉపవాసమండీ", "తర్వాత తింటానండీ" అని తప్పించుకున్నవాళ్ళే ఎక్కువ. నేను కోపంగా రాయడం లేదు, లెక్క చెప్తున్నాను.

అట్లా ఒక సాయంత్రం సూపర్ మార్కెట్లో మిఠాయిల వరస ముందు నిలబడ్డాను. మా పాప ఒక్కో ప్యాకెట్ తిప్పి వెనకున్న చిన్న అక్షరాలు చదువుతోంది. పసిపిల్లల ఆకారంలో ఉండే జెల్లీ బేబీస్ నాకు ముచ్చటగా అనిపించాయి. "వద్దు పెద్దమ్మా, ఇందులో బీఫ్ జెలటిన్ ఉంది" అంది. మాకు పనికొస్తుంది, స్టాఫ్‌రూంకు పనికిరాదు. ఒక ప్యాకెట్ మా ఇద్దరి కోసం కొని దారి పొడవునా తిన్నాం.

జెలటిన్ అంటే ఏమిటో విద్యార్థులు తెలుసుకోవాలి. పశువు తోలును, ఎముకను ఉడికించి తీసేది. అంటే మా తాత పని. చచ్చిన గొడ్డును ఊరి బయటికి లాక్కెళ్ళి తోలు తీయడం, సున్నం పెట్టడం, తంగేడు చెక్కతో ఊనడం. మా సీమలో ఎక్కడ చూసినా కనబడే తంగేడే. మద్రాసు ప్రెసిడెన్సీలో అట్లా ఊనిన తోళ్ళు 'ఈస్ట్ ఇండియా కిప్స్' అనే పేరుతో లండన్ మార్కెట్‌కు పోయేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్లకు ఆ తోలు కావలసి వచ్చింది. మా పాప గది ఉన్న బెర్మండ్‌సీ అనే పేట ఒకప్పుడు లండన్‌కు తోలు పేట. లెదర్ మార్కెట్ కట్టడం ఇంకా ఉంది. తమాషా ఏమంటే, అదే పేటలో పెద్ద బిస్కెట్ ఫ్యాక్టరీ కూడా నడిచింది. తోలు వాసన, బిస్కెట్ వాసన ఒకే వీధిలో! మా ఊర్లో ఎవరైనా ఊహించగలరా?

సరే, జెల్లీలు పోయాయి. మిగిలింది చాక్లెట్. చూపు తిప్పితే ఊదారంగు డబ్బా. ఇక్కడ దాన్ని ఎవరూ మాకింటోష్ అనరు.

దాని కథ అప్పుడే చదివాను. జాన్ మాకింటోష్ 1890లో హాలిఫాక్స్‌లో చిన్న మిఠాయి కొట్టు పెట్టాడు. ఆయన కొడుకు హెరాల్డ్ 1936లో క్వాలిటీ స్ట్రీట్ తెచ్చాడు. అప్పట్లో మంచి చాక్లెట్లంటే ఖరీదైన అట్టపెట్టెల్లో, ఒక్కోదానికి ఒక్కో గడి కట్టి అమర్చినవి. పనివాళ్ళ కుటుంబాలకు అందేవి కావు. హెరాల్డ్ ఆ పెట్టె ఖర్చు తీసేసి, ఒక్కో మిఠాయికీ యంత్రంతో రంగు కాగితం మెలిపెట్టి చుట్టించి, అన్నిటినీ కలిపి రేకుడబ్బాలో పోశాడు. చవకగా అమ్మడానికి, బీదవాళ్ళ చేతికి కూడా అందడానికి చేసిన ఏర్పాటది. హాలిఫాక్స్‌లో ధర తగ్గించడానికి పుట్టిన చుట్టుకాగితం, మా ఊరి అరుగు మీద అంటరానితనానికి పరదా అవుతుందని ఆయనకు తెలిసే అవకాశం లేదు. పాపం, తప్పు ఆయనది కాదు.

కాగితం విప్పితే లోపల ఉన్నవి చక్కెర, కోకో. రెండింటిలోనూ చేతులున్నాయి.

చక్కెర సంగతి. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చట్టం 1833లో వచ్చి 1834లో అమలైంది. రెండు కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చారు. బానిసలకు కాదు, యజమానులకు! చెరకు తోటలకు మళ్ళీ మనుషులు కావాలి. 1834 నుంచే మన దేశం నుంచి మారిషస్‌కు కూలీలను ఒప్పందం మీద ఎక్కించడం మొదలైంది. తర్వాత కరీబియన్ దీవులకు, నటాల్‌కు, ఫిజీకి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి నటాల్‌లోని డర్బన్ రేవుకు చేరింది. అందులో తెలుగువాళ్ళు, తమిళులు ఉన్నారు. ఆ ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు, వాటితోపాటు కులం. సముద్రం దాటినా ఆ గడి మాత్రం ఖాళీగా వదలలేదు. ఐదేళ్ళ ఒప్పందం. కాగితం మీద వేలిముద్ర.

మన సీమకు దీంతో ఏం సంబంధం అనకండి. 1876-78 కరువులో కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. కడప, బళ్ళారి కూడా దెబ్బతిన్నాయి. సహాయపు పనుల్లో రోజంతా రాళ్ళు కొట్టిన మగవాడికి సర్ రిచర్డ్ టెంపుల్ ఖరారు చేసిన కూలి ఒక పౌను ధాన్యం, దాని మీద ఒక అణా. అంటే అర కిలో లోపు గింజలు. ఆ కూలితో ఆకలి చావులను ఆపొచ్చని కాగితం మీద లెక్క వేశారు. అట్లాంటి కాలంలో చెరకు తోటకు పిలిచే మేస్త్రీ మాట ఎవరి చెవికి ముందు ఎక్కుతుందో వేరే చెప్పాలా? భూమి లేనివాడి చెవికి.

ఇంకో చిత్రం. 1905 స్వదేశీ ఉద్యమంలో విదేశీ చక్కెరను బహిష్కరించమన్నప్పుడు, దాన్ని ఎముకలతో, రక్తంతో శుద్ధి చేస్తారు కాబట్టి తినకూడదని ప్రచారం చేశారు. కూలీల చెమటతో చేస్తారు కాబట్టి తినొద్దని అన్నవాళ్ళ గొంతు దాని ముందు చాలా చిన్నది.

ఇక కోకో. ఇంగ్లండులో చాక్లెట్ చేసిన పెద్ద కుటుంబాలు, ఫ్రై, రౌన్‌ట్రీ, క్యాడ్‌బరీ, క్వేకర్ మతస్తులు. బానిసత్వాన్ని అందరికంటే ముందుగా వ్యతిరేకించిన శాఖల్లో ఒకటి అది. కార్మికులకు తోటలున్న ఇళ్ళు కట్టించారు. అయితే క్యాడ్‌బరీ కొనే కోకోలో పెద్ద భాగం పోర్చుగీసుల చేతిలో ఉన్న సావో టోమే దీవి నుంచి వచ్చేది. అక్కడ పనిచేసేవాళ్ళను అంగోలా నుంచి ఐదేళ్ళ ఒప్పందం మీద తెచ్చేవాళ్ళు. ఎవరూ తిరిగి వెళ్ళేవాళ్ళు కాదు. ఈ సంగతి 1901లోనే విలియం క్యాడ్‌బరీ చెవిన పడింది. విలేకరి హెన్రీ నెవిన్‌సన్ వెళ్ళి చూసి 1906లో పుస్తకం వేశాడు. కంపెనీ తన మనిషి జోసెఫ్ బర్ట్‌ను పంపి విచారించింది, ప్రభుత్వంతో ఉత్తరాలు నడిపింది, ఆ కోకో కొనడం ఆపింది మాత్రం 1909లో. ఆలస్యం చేశారని ఒక పత్రిక రాస్తే పరువునష్టం దావా వేశారు. 1909 డిసెంబరులో జ్యూరీ క్యాడ్‌బరీదే గెలుపంది. పరిహారం ఎంతో తెలుసా? ఒక ఫార్దింగ్, అంటే పావు పెన్నీ.

ఆ పావు పెన్నీ తీర్పు నాకు ఇష్టం. మంచివాళ్ళే, కాని ఎనిమిదేళ్ళు కొంటూనే ఉన్నారు. మన ప్రగతిశీల మిత్రులు గుర్తొస్తారు.

ఇక డబ్బాను మోసిన చేతుల సంగతి. కోయిట్‌లో అమ్మది రెండేళ్ళ కాగితం. కఫీల్ దగ్గర పాస్‌పోర్టు. తెల్లారుజామున లేచి రాత్రి వాళ్ళ విందులు ముగిసేదాకా పని. ఆ విందుల్లో గాజు గిన్నె నిండా మాకింటోష్ పోసి పెట్టేవాళ్ళట. తినమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు, తను తీసుకోలేదు. తన జీతంతో జమియాకు వెళ్ళి కొన్నవే ఇంటికి తెచ్చింది. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు వారానికి ఒక సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించకుండా పని అని కువైట్ చట్టం చేసింది 2015లో. అమ్మ అప్పటికి తిరిగొచ్చేసింది.

ఒక్కసారి మాత్రం డబ్బా రాలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. లక్షన్నరకు పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. అమ్మ ఇరాక్ దాటి, జోర్డాన్ ఎడారిలో గుడారాల్లో ఉండి, బొంబాయిలో దిగి, కడప దాకా రైల్లో వచ్చింది. చేతిలో ఒక గుడ్డసంచి. ఊర్లోవాళ్ళు ఆ వారం కూడా అడిగారు, "ఏం తెచ్చినావే" అని.

లండన్ అంగడిలో ఇవన్నీ తలలో తిరుగుతుంటే మా పాప విసిగిపోయింది. "పెద్దమ్మా, చాక్లెట్ కొంటున్నావా, పీహెచ్‌డీ చేస్తున్నావా?" ఊదా డబ్బానే రెండు కొన్నాను. జెలటిన్ లేదు, ఆక్షేపణ లేదు, అన్నిటికీ కాగితం ఉంది. ఎవరు దేనికి భయపడతారో తెలిసి మరీ కొన్నాను.

రాయచోటికి వచ్చాక అమ్మకు చెప్పాను. ఇప్పుడామెకు అరవై ఆరు. ఏమీ అనకుండా పుట్నాల పప్పు, బెల్లం, ఎండుకొబ్బరి దంచి ముప్పై కజ్జికాయలు చేసింది. పాత డబ్బాలోని సూదీ దారం తీసి, కడిగి, ఎండబెట్టి, అందులో పేర్చింది. "రెండూ ఎత్తకపో" అంది.

స్టాఫ్‌రూం బల్ల మీద రెండు డబ్బాలూ పక్కపక్కన మూత తీసి పెట్టాను. "ఇవి లండన్‌వి, ఇవి మా అమ్మ చేసినవి" అని చెప్పాను, అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు. కొత్త డబ్బా మొదటి పీరియడ్ అయ్యేసరికి సగం, ఇంటర్వెల్‌కు ఖాళీ. ఊదా కాగితం వాటికి పోటీ కూడా పడ్డారు. పాత డబ్బాలోంచి ఉర్దూ సార్ రెండు తిన్నారు, ఇంటికని ఇంకో రెండు అడిగి తీసుకున్నారు. అటెండరన్న మూడు. కొత్తగా చేరిన లెక్కల మేడం ఒకటి తీసి, కాగితంలో చుట్టి, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. తిన్నదో లేదో నాకు తెలియదు. ఇంకొకాయన డబ్బాలోకి తొంగిచూసి, "మీ అమ్మగారికి ఈ వయసులో ఎంత ఓపికండీ" అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికొస్తే అమ్మ గడప మీదే కూర్చుని ఉంది. డబ్బా అందుకుని, బరువు చూసి, మూత తీసి లెక్కపెట్టింది. ఇరవై రెండు. నేనేదో సర్దిచెప్పబోయాను. మూత మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టింది.

"చెడిపోవులే. రేపు గూడా ఎత్తకపో."